కొలిచిన దేహము, చూడని దేహము

*యంత్రములు బట్టలు ఊడదీయుచున్న కాలమున, మనిషి తానై యిష్టపడి చూపిన దేహమును చిత్రించు కళకు మన నగరములో చోటెంత?*

తెల్లవారి ఆరున్నర గంటలు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల గులాబీరంగు గ్రానైటు గోడపై ఎండ మెల్లగా క్రిందికి దిగుచుండగా, ఆ విశాల సోపానముల ముందట పెండ్లికి ముందు ఫొటోలు దిగవచ్చిన ఒక జంట, రెండు కెమెరాలు, వెండిరంగు రిఫ్లెక్టరు పట్టుకొన్న ఒక కుఱ్ఱవాడు, వధువు గౌను అంచును గాలిలోకి విసరి పరుగెత్తి తప్పుకొనుటకే నియమితుడైన మరియొక కుఱ్ఱవాడు సిద్ధముగా నున్నారు. "అన్నా, జర భుజం ఇటు తిప్పు. వదినా, గడ్డం కొంచెం కిందికి" అని ఛాయాగ్రాహకుడు కేకవేయుచున్నాడు. అంతలో ప్రాతఃకాలపు నడకకు వచ్చిన తార్నాక వాసుల గుంపొకటి వారి వెనుకగా చట్రములోనికి వచ్చినది: మోకాళ్ళకు పట్టీలు బిగించి చీరపై స్వెట్టరు తొడిగిన పెద్దామె, గుండె ఆపరేషను మచ్చ బనియను మెడపైకి కనబడుచున్న విశ్రాంతోద్యోగి, చేతులనిండ బొల్లిమచ్చలు పరచుకొన్న నడివయస్కుడు, మిక్కిలి లావైన యొక యువకుడు, మిక్కిలి బక్కపలుచనైన అతని నేస్తము. "ఆగుండ్రి, వాళ్ళు పోయినంక తీద్దాం" అనెను ఛాయాగ్రాహకుడు. వారు పోయిరి, చట్రము శుభ్రమయ్యెను, గౌను గాలిలో ఎగిరెను.

ఈ నగరమున మనుష్యదేహము ఎన్ని తీరులుగా నుండునో అన్ని తీరులును ఆ నిమిషమున ఫొటోకు అడ్డుగా లెక్కకు వచ్చినవి. సాయంత్రమునకు ఆ జంట చర్మము సైతము కంప్యూటరు 'టచింగు'లో రెండు ఛాయలు తెల్లబడి, పుట్టుమచ్చలు పోగొట్టుకొని, పెండ్లివారి ఫోనులకు చేరును.

దేహమును గూర్చిన చర్చ ఇటీవల ఇంటింట వినబడుటకు కారణము వేరు. నిండుగా బట్టలు కట్టుకొని దిగిన ఆడపిల్ల ఫొటో నొకదానిని కృత్రిమమేధకు అప్పగించినచో, క్షణములో వివస్త్రను చేసి చూపు పనిముట్లు కళాశాల విద్యార్థుల జేబులలోనికి వచ్చినవి. ఆ దౌష్ట్యమును గూర్చి వ్రాయువారు పలువురు కలరు. నేను గమనించిన దొక్కటి: యంత్రము చూపు ఆ నగ్నత ఆ పిల్లది కానే కాదు. ఎవరెవరివో వేలకొలది దేహముల నుండి కూర్చి పోసిన సగటు దేహము నొకదానిని ఆమె ముఖము క్రింద అతికించుటయే అది చేయు పని. అందు ఆమె టీకామచ్చ యుండదు, చిన్ననాడు సైకిలుపైనుండి పడినప్పటి గాయపు గుర్తు యుండదు. ఇదే కాలమున, దీనికి సరిగా ఎదురుదిక్కున నిలిచి, మనిషి సమ్మతితో, ఆ మనిషికే చెందిన దేహమును, దాని మచ్చలతో ముడుతలతో సహా చిత్రించు ఛాయాచిత్రకళ యొకటి కలదు. లోకమంతట దానికి ప్రదర్శనశాలలున్నవి. మన యొద్ద అది ఎచ్చట నున్నదని వెదకబోయి, నేను తార్నాకలో తిరుగాడితిని.

ఒక రహదారి వెంట దేహశాస్త్రము

తార్నాక కూడలికి అటునిటు మనుష్యదేహమును పరిశీలించుటకై వెలసినన్ని సంస్థలు దేశమున మరియొక పేటలో నుండుట అరుదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు సరిహద్దునే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై రాబర్టు మెక్కారిసన్ ప్రారంభించిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందినది. భారతీయుని ఎత్తెంత, బరువెంత, ఎంత తినవలెను అని నిర్ణయించునది ఈ సంస్థయే. 2020 నాటి దాని లెక్క ప్రకారము 'ప్రమాణ పురుషుడు' 65 కిలోలు, 'ప్రమాణ స్త్రీ' 55 కిలోలు; ఇరువురును 19 నుండి 39 ఏండ్ల లోపువారు, ఆరోగ్యవంతులు. ఆహారపట్టికలు వేయుటకు ఇట్టి కొలబద్ద యొకటి అవసరమే. కాని ఈ దంపతులు తార్నాక బస్సుస్టాపులో నాకు ఎన్నడును కనబడలేదు.

కూడలి దాటి హబ్సిగూడ వైపు సాగినచో కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, జనులు సీసీఎంబీ యను సంస్థ. అచ్చటి లాల్జీసింగు, తంగరాజు ప్రభృతులు హార్వర్డు శాస్త్రజ్ఞులతో కలసి, 25 సమూహములకు చెందిన 132 మంది భారతీయుల జన్యుపదార్థమును పరిశీలించి, 2009లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన ఫలితము ప్రసిద్ధము: మనలో దాదాపు అందరును రెండు ప్రాచీన జనధారల కలయికనుండి, వేర్వేరు పాళ్ళలో, వచ్చినవారమే. 2013లో ఆ సంస్థవారు పాలుపంచుకొన్న మరియొక పరిశోధన చర్మవర్ణమునకు సంబంధించినది. ఐరోపావారి తెల్లదనమునకు ముఖ్యకారణమైన జన్యుమార్పు దక్షిణాసియా వారిలోను విరివిగా నున్నదనియు, ఇరుతావులందును దాని మూలమొక్కటే యనియు అది తేల్చెను. సంబంధములు మాటలాడునప్పుడు 'పిల్ల చామనచాయ' అని గొంతు తగ్గించి చెప్పుకొను విషయము ఆ ప్రయోగశాలలో ఒక్క అక్షరపు మార్పుగా కనబడును.

ఇక విశ్వవిద్యాలయములోనే, ఎనుబదియేండ్లకు పూర్వము, మరియొక చూపు కలదు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. రెండవ ప్రపంచయుద్ధము వచ్చుటతో శత్రుదేశపు పౌరుడై, నిజాం రాజ్యము విడచిపోరాదను కట్టడిలో ఇచ్చట చిక్కుకొనెను. ఆ నిర్బంధమే మనకు వరమైనది. 1940లో నల్లమల చెంచులతో మొదలుపెట్టి, కొండరెడ్ల, ఆదిలాబాదు గోండుల నడుమ సంవత్సరములు గడపి, గ్రంథములు వ్రాసి, నిజాం ప్రభుత్వమునకు గిరిజనుల విషయమున సలహాదారై, ఉస్మానియాలో ఆచార్యత్వమును వహించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములలో చెంచులు తమ నిత్యవేషమున, అనగా దాదాపు ఒట్టి మేనితో, విల్లు పట్టియో, గడ్డలు త్రవ్వుచునో కనబడుదురు. ఆయన భార్య బెట్టీ 1987లో మరణించినప్పుడు ఆమెకు గోండుల గ్రామమైన మార్లవాయిలో సమాధి కట్టిరి. చిత్రములు తీసినవారికిని దిగినవారికిని నడుమ ఏదో బంధముండెననుటకు ఇంతకు మించిన సాక్ష్యము నే నడుగను.

కాని ఆ బంధము లేని చిత్రములే పెక్కు. 1868 నుండి 1875 వరకు ఆంగ్లప్రభుత్వము ఎనిమిది సంపుటములుగా వెలువరించిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో మనుషులు కులముల వారీగా, తెగల వారీగా, నమూనాలవలె వరుస దీరియున్నారు. అండమానులో మారిస్ పోర్ట్‌మన్ అనునతడు ద్వీపవాసులను గళ్ళ తెర ముందు నగ్నముగా నిలువబెట్టి కొలతల కొఱకు ఫొటోలు తీసెను. ఆ మనుషులకు తమవారి నడుమ నగ్నతలో సిగ్గు లేకపోవుగాక. గళ్ళతెర ముందు నిలుచుటలో మాత్రము అవమానము కలదు. స్వతంత్రము వచ్చిన పిదప తెర తొలగెను గాని, మన క్యాలెండర్లలో, పర్యాటక ప్రకటనలలో, 'అడవి అందము' పేర గిరిజన స్త్రీ భుజములు ప్రదర్శించు అలవాటు చాలకాలము మిగిలెను. పట్టణపు స్త్రీ నిండు పమిటతోను, గిరిజన స్త్రీ ఒట్టి భుజములతోను ఉండవలెనని ఆ క్యాలెండరు వేయించినవారికి ఎవరు చెప్పిరి?

> పరదా వెనుక స్టూడియో
>
> ఆరవ నిజాము కొలువులో ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఒక జనానా స్టూడియో తెరచెను. ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుని కంటబడకుండ ఫొటో దిగుటకు ఏర్పడిన ఆ చోట కెమెరా వెనుక నిలిచినది కెన్నీ-లెవిక్ అను ఆంగ్లవనిత. దేహము చూపవలెనా దాచవలెనా అను ప్రశ్నకంటె, ఎవరికి చూపవలెను అను ప్రశ్న ముందు పుట్టినదని ఈ నగర చరిత్రయే చెప్పుచున్నది.

కోరుట్లవాని చీకటిగది

తెలుగునాట నగ్నచ్ఛాయాచిత్రమును కళగా సాధన చేసి, దాచక తన పేరు పెట్టి ప్రదర్శించినవారిలో అగ్రగణ్యుడు బండి రాజన్‌బాబు. 1939లో కరీంనగర్ జిల్లా కోరుట్లలో జన్మించి, హైదరాబాదునే కార్యస్థానముగా చేసికొని, గిరిజన జీవనము, ప్రకృతిదృశ్యములు, నగ్నదేహము అను మూడింటను పేరు గడించి, బ్రిటనులోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్పు నందుకొని, శిష్యులకు ఛాయాగ్రహణము నేర్పు పాఠశాలను నడపి, 2011లో కన్నుమూసెను. పెండ్లి ఆల్బముల మీదనే ఛాయాగ్రాహకుల బ్రతుకు తెరువు నడచు ఊరిలో, అమ్ముడుపోవునో పోదో తెలియని, చుట్టములకు చూపలేని చిత్రములపై ఒక మనిషి అంతకాలము మనసు నిలుపుట సామాన్యము కాదు.

ఆ తరమువారి యిబ్బందులలో ఒకటి నేడు ఎవరికిని స్మరణకు రాదు. ఫిలిము దినములలో రోలు కడుగుటకు లాబొరేటరీకి ఇచ్చినచో, అచ్చటి పనివాడు తనకొక ప్రతి వేసికొనడను నమ్మక మేమి? కనుక నగ్నచిత్రములు తీయదలచినవాడు చీకటిగదిని సొంతముగా పెట్టుకొనక తప్పదు. నెగటివు తన చేతనే కడుగవలెను, కాగితము తన చేతనే ముద్రింపవలెను. మోడలు గౌరవము ఆ గది తాళపుచెవిపై ఆధారపడియుండెను. డిజిటల్ కెమెరా వచ్చి ఆ పనివానిని తొలగించినది గాని, తాళపుచెవిని కూడ తొలగించినది.

ఆ తరపు ఛాయాగ్రాహకులకు పూర్వమే మన చిత్రకారులు ఈ త్రోవ తొక్కిరి. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు, అచ్చటి ఆర్ట్స్ కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డు కూల్డ్రే ప్రోద్బలముతో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్ళి, సజీవదేహమును ఎదుట నుంచుకొని గీయుట నేర్చి వచ్చెను. 1925లో మశూచికము సోకి, ఇరువది యెనిమిదేండ్లు నిండకుండగనే గతించెను. ఎముక యెక్కడ వంగునో, కండ యెక్కడ జారునో ఆయన రేఖకు తెలిసియుండుట ఆ అభ్యాసఫలమే. కళాశాలలలో 'లైఫ్ స్టడీ'కి కూర్చుండు మోడళ్ళు నేటికిని ఎక్కువగా రోజుకూలి స్త్రీపురుషులే; పెక్కుమంది ఇంటిలో ఈ పని పేరు చెప్పరు. అట్టి స్త్రీ కథను చెప్పిన మరాఠీ చిత్రము 'న్యూడ్' 2017లో గోవా చలనచిత్రోత్సవమునకు ఎంపికయ్యు తొలగింపబడినది. కూర్చుండినామె పేరు చెప్పుకొనలేదు. ఆమె కథయు తెరకెక్కుటకు అంత తొందరగా నోచుకొనలేదు.

రాతికి లేని నేరము

సెలవు దినమున రామప్ప గుడికి వెళ్ళి చూడుడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన, 2021లో ప్రపంచ వారసత్వపట్టిక కెక్కిన ఆ గుడి చూరుక్రింద, నల్లరాతి మదనికల నడుమ, పాములు మాత్రమే ఆచ్ఛాదనగా నిలిచిన నాగిని యున్నది. తాతలు మనుమలను భుజమున కెక్కించుకొని చూపుదురు. ఎవరును చూపులు తిప్పుకొనరు. కరీంనగరమునకు చేరువనున్న కురిక్యాల బొమ్మలగుట్టపై, పదవ శతాబ్దిలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు జైనమూర్తులను చెక్కించి, వాని క్రింద వేయించిన శాసనమున మనకు దొరికిన అతిప్రాచీన తెలుగు కందపద్యములున్నవి. దిగంబర జైనము నీడన మన కందము కనుతెరచినదను మాట తెలుగుపాఠములో ఏ అయ్యవారును నొక్కి చెప్పగా నేను వినలేదు.

చట్టము సైతము రాతికి మినహాయింపు ఇచ్చినది. భారతీయ శిక్షాస్మృతి 292వ విభాగము, దాని స్థానమున 2024 జూలై నుండి అమలులోనికి వచ్చిన న్యాయసంహిత 294వ విభాగము, అశ్లీలవస్తువుల విక్రయ ప్రదర్శనములను శిక్షించును; దేవాలయములలోని, ప్రాచీన కట్టడములలోని శిల్పములకు వర్తింపదు, కళాశాస్త్రప్రయోజనములకై యుద్దేశింపబడినవానికిని వర్తింపదు. ఏది కళాప్రయోజనము అనుటయే చిక్కు. 1954లో బొంబాయి చిత్రకారుడు అక్బర్ పదమ్సీ తన 'ప్రేమికులు' చిత్రమునకై న్యాయస్థానపు బోనెక్కి, నిర్దోషిగా దిగవలసివచ్చినది. విక్టోరియా రాణి కాలమున, 1868లో ఆంగ్లన్యాయస్థానము పెట్టిన గీటురాయి, అనగా సుళువుగా చెడిపోవు మనసును ఒక్క భాగమైనను చెడగొట్టునా అను ప్రశ్న, 1964లో మన సుప్రీంకోర్టు చేతను స్వీకృతమై దాదాపు అర్ధశతాబ్ది నిలిచెను.

దానిని పడగొట్టినది ఒక ఛాయాచిత్రమే. టెన్నిసు వీరుడు బోరిస్ బెకర్, నల్లజాతి తండ్రికి పుట్టిన తన ప్రియురాలు బార్బరాతో నగ్నముగా నిలిచిన చిత్రమది; తీసినవాడు ఆమె కన్నతండ్రి. చర్మవర్ణమును బట్టి ఆ జంటను దూషించినవారికి జవాబుగా తీసిన ఆ చిత్రమును జర్మను పత్రికనుండి గ్రహించి 1993లో కలకత్తా పత్రికలు ప్రచురింపగా వ్యాజ్యము పుట్టెను. 2014 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు, నాటి సమాజపు ప్రమాణముల బట్టి, చిత్రమును సమగ్రముగా, దాని సందేశముతో కలిపి చూడవలెనని తీర్పు చెప్పి, వ్యాజ్యమును కొట్టివేసినది. 2023లో కేరళ ఉన్నత న్యాయస్థానము, తన దేహముపై పిల్లలచే బొమ్మ వేయించుకొన్న తల్లి వ్యాజ్యమున, నగ్నత అన్నంత మాత్రమున అశ్లీలము కాదని మరల చెప్పవలసివచ్చినది.

> సమ్మతికి రెండు మెట్లు
>
> ఒక స్త్రీ ఫొటో తీయుటకు ఒప్పుకొని, దానిని ఇతరులకు చూపుటకు ఒప్పుకొననిచో, ఆ చిత్రమును వ్యాపింపజేయుట నేరము. న్యాయసంహిత 77వ విభాగపు వివరణ ఇది. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున సమ్మతి యను మాటకే తావులేదు. నగ్నతను చూపు చిత్రము అందలి వ్యక్తి అనుమతి లేక అంతర్జాలమున కనబడినచో, బాధితుల ఫిర్యాదు అందిన పిదప నియమిత గడువులోపల తొలగింప చర్యగొనవలసిన బాధ్యతను 2021 నాటి నియమములు సామాజిక మాధ్యమ సంస్థలపై ఉంచినవి.

గదిలో జరుగునది

ఈ చిత్రణ ఎట్లు జరుగునో తెలియనివారు ఏవేవో ఊహింతురు. నిజమునకు అది మిక్కిలి నీరసమైన పని. మోడలు నాలుగైదు గంటల ముందునుండియే వదులైన బట్టలు కట్టుకొనవలెను. లేనిచో నాడాలు, ఎలాస్టిక్ పట్టీలు ఒత్తిన గీతలు చర్మముపై చాలసేపు నిలిచిపోవును. గది వెచ్చగా నుండవలెను. చలికి రోమములు నిక్కినచో చిత్రము చెడును. అవసరము లేని ఒక్క మనిషియు లోపల నుండరాదు, మోడలు కోరినచో ఆమె తోడుమనిషి మాత్రము కూర్చుండును. విరామమున కప్పుకొనుటకు దుప్పటి చేతికందు దూరమున నుండవలెను. పిదప వెలుగు. ఎదుటినుండి వెలుగు పడినచో దేహము కాగితమువలె చదునగును. ప్రక్కకిటికీనుండి పడినచో ప్రతి మడతయు, ప్రతి ఎముకయు పలుకును. మన గోధుమ, నలుపు చర్మములపై వెలుగు మెరయు చోటును, నీడలో మునుగు చోటును కలిపి పట్టుట యొక విద్య. పైగా ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున రంగుఫిలిమును, ముద్రణను తెల్లని స్త్రీల బొమ్మకార్డులతో సరిచూచి తయారుచేసిరి గాన, నల్లని ముఖములు అందు మసిగా తేలుచుండెను. మన స్టూడియోలవారు పౌడరు దట్టించుటకు పూర్తి నింద వారిదే కాదు.

ఇంత చెప్పియు ఒక నిష్ఠురము పలుకక తప్పదు. నగ్నచ్ఛాయాచిత్రముల పేర లోకమున ప్రసిద్ధమైనవానిలో అధికభాగము యౌవనవతులవి, సన్ననివారివి, ముఖము తిప్పుకొన్నవారివి, తీసినవారు పురుషులు. మానవవైవిధ్యమును కొనియాడుచున్నామని చెప్పి, వైవిధ్యములో ఒక్క మూలను మాత్రమే చూపుట ఈ కళ మోసుకొని తిరుగుచున్న పాతదోషము. ఆ దోషమునుండి కళను విడిపించినవారు లేకపోలేదు. జాన్ కోప్లన్స్ అరువదియేండ్లు దాటిన పిదప, 1984 మొదలు, ముఖము వదలి తన ముసలిమేనినే తీసికొనెను. రోమములు నిండిన ఆ వీపు, వ్రేలాడు ఆ పొట్ట చూచినవారికి మొదట నవ్వు వచ్చును, నవ్వు ఆగిన పిదప చూపు మరలదు. బ్రెజిలు వనిత ఆంజెలికా దాస్ 2012 నుండి వేలమంది భుజముల వరకు ఒట్టిమేనితో ఫొటోలు తీసి, ముక్కుపై రంగుతో సరిపోలు ముద్రణవర్ణమును వెనుక తెరకు పూయుచున్నది. 'తెలుపు', 'నలుపు' అనునవి ఆ వరుసలో ఎక్కడను కానరావు. స్పెన్సర్ ట్యూనిక్ 2007లో మెక్సికో నగరపు ప్రధాన కూడలిలో దాదాపు 18,000 మందిని నగ్నముగా నిలిపెను. అంతమంది కలసినప్పుడు కామము మాట అటుంచి, ఎవరు ఎవరో కూడ తెలియదు. (ఆ సంఖ్య వలన ట్యూనిక్‌నకు వచ్చినంత పేరు ఆ చిత్రములోని అందము వలన వచ్చినదని నేననను.)

మన దేహముల చరిత్ర మన దేహములపైననే వ్రాయబడియున్నది. 1977లో మశూచికము పోయినదని మన దేశము ధ్రువీకరణ పొందినది. అంతకు ముందు పుట్టినవారి భుజముపై పెద్దటీకా గుర్తు, కొందరి ముఖమున అమ్మవారు పోసిన గుంటలు, తరువాతి వారికి అవి లేవు. పాలమూరు వలసకూలి భుజముపై తట్ట మోసిన కాయ, అవ్వ మోచేతిపై నల్లబారిన పచ్చబొట్టు, బీడీలు చుట్టిన వ్రేళ్ళ వంకర, మూడు కాన్పుల పొట్ట చారలు, గర్భసంచి తీసివేసిన కోత గుర్తు: తెలంగాణములో పుట్టిన నగ్నచ్ఛాయాచిత్రకళ నిజముగా నొకటి వర్ధిల్లినచో దాని వర్ణమాల ఇదియే కావలెను. పోషకాహార సంస్థ ఈ దేహమును తూచినది; సీసీఎంబీ దీని నెత్తుటి చుక్కను చదివినది; ఉస్మానియా ఆచార్యుడు దీని ఆచారములను వ్రాసికొనెను. దీనిని ఊరక కన్నులార చూచుటకు మాత్రము తార్నాకలో ఒక్క గదియు లేదు.

ఒక పుట కాగితము

గది దొరకినను, ముందు ఒక కాగితము కావలెను. మోడలుచే సంతకము చేయించు ఒప్పందపత్రము సాధారణముగా ఆంగ్లమున నుండును, అదియు విదేశపు నమూనానుండి దించినది. సంతకము చేయునామె దానిని చదువలేకపోవచ్చును. ఈ కళను సాధన చేయదలచిన యువకులకు, యువతులకు నేను చెప్పునది కెమెరా మాట కాదు. ఆ పత్రమును ఒక్క పుటలో, తెలుగులో, కూలికి వచ్చిన అక్కకు చదివి వినిపించినచో తెలియునట్లు వ్రాయుడు. ముఖము కనబడునా లేదా. చిత్రము గోడపైననే యుండునా, పుస్తకమున కెక్కునా, అంతర్జాలమునకు పోవునా. యంత్రములకు శిక్షణ యిచ్చుటకు వాడబడునా. అమ్ముడుపోయినచో ఆమెకు వాటా యెంత. మొదట ఏ ఫ్రేములను ఆమె కొట్టివేయవచ్చును. ఐదేండ్ల పిదప ఆమె కూతురి పెండ్లి కుదిరినప్పుడు వచ్చి, 'తీసెయ్యి బిడ్డా' అని అడిగినచో ఏమి చేయుదురు. ఈ చివరి ప్రశ్నకు జవాబు ముందుగనే వ్రాసియుంచి, క్రింద ఆమెకంటె ముందు ఛాయాగ్రాహకుడు సంతకము చేయవలెను.